తెలుగులో ‘తీయడం’ ఒక్కటే, ఇంగ్లిష్‌లో ఎన్ని? డెంటల్ విద్యార్థులకు పదాల జోడీలు నేర్పడం

ప్రశ్న: ఒక డెంటల్ కాలేజీలో బీడీఎస్ మొదటి సంవత్సరం పిల్లలకు వారానికి రెండు గంటలు ఇంగ్లిష్ చెబుతున్నాను. క్లాసులో 100 మంది. విడి పదాలు బాగానే వచ్చు, టెర్మినాలజీ టెస్టు పెడితే 20కి 18 తెచ్చుకుంటారు. వాక్యం రాయమంటే మాత్రం ‘హెవీ పెయిన్ ఈజ్ కమింగ్ ఇన్ ద టూత్ సిన్స్ త్రీ డేస్’, ‘డాక్టర్ పుట్ ది ఇంజెక్షన్ అండ్ రిమూవ్డ్ ద పస్’ అని రాస్తున్నారు. ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో తెలియకే ఇదంతా అనిపించి, అలా కలిసి వచ్చే మాటల (కాలొకేషన్ల) జాబితా ఒకటి సంపాదించి అక్షర క్రమంలో రోజుకు 20 చొప్పున చెప్పాను. నెల తిరిగేసరికి ఎవరికీ ఏమీ గుర్తులేదు. నేను ఇంగ్లిష్ ఎమ్మే చదివినదాన్ని, డాక్టర్‌ని కాను. ఎక్కడ మొదలుపెట్టాలి? పరీక్షలో ఏం అడగాలి?
– ఒక అధ్యాపకురాలు, గుంటూరు

సమాధానం: మీరు రాసిన రెండు వాక్యాల్లోనే జవాబు సగం ఉంది మేడమ్. ‘పెయిన్ ఈజ్ కమింగ్’ అన్న పిల్లవాడు మనసులో ‘నొప్పి వస్తోంది’ అనుకున్నాడు. ‘పుట్ ది ఇంజెక్షన్’ అన్నవాడికి గుర్తొచ్చింది ‘సూది వేశారు’. ‘రిమూవ్డ్ ద పస్’ వెనక ఉన్నది ‘చీము తీశారు’. పిల్లలు తప్పులు ఇష్టం వచ్చినట్టు చేయడం లేదు. తెలుగు క్రియను పట్టుకుని దానికి దగ్గరగా కనిపించిన ఇంగ్లిష్ క్రియను అతికిస్తున్నారు. అక్షర క్రమంలో ఉన్న జాబితా ఈ తెలుగు క్రియ జోలికే పోదు. అందుకే అది నిలవలేదు.

ముందు ఒక చిన్న మాట. కాలొకేషన్‌ను ‘జంటపదాలు’ అని చెప్పకండి. కష్టసుఖాలు, కూరానారా లాంటివి జంటపదాలని స్కూల్లో చదువుకుని వచ్చిన పిల్లలు గందరగోళపడతారు. ‘పదాల జోడీ’ అంటే చాలు.

మొదటి క్లాసులో ఇంగ్లిష్ బోర్డు మీదికే రానివ్వకండి. ఆవకాయ, దోసె, టీ, గోంగూర పచ్చడి అని నాలుగు మాటలు రాసి, ఒక్కోదానికి ఏ క్రియ వాడతారో అడగండి. ఆవకాయ పెడతాం, దోసె పోస్తాం, టీ కాస్తాం, పచ్చడి నూరతాం. దోసె వేస్తాం అనేవాళ్ళూ, టీ పెడతాం అనేవాళ్ళూ ఉంటారు, ఉండనివ్వండి. ఒక జిల్లాకూ ఇంకో జిల్లాకూ జోడీ మారుతుందని అక్కడే తెలుస్తుంది. కానీ ‘ఆవకాయ నూరాం’ అంటే క్లాసంతా నవ్వుతుంది. తర్వాత జబ్బుల్లోకి రండి: జలుబు చేసింది, జ్వరం వచ్చింది, వడదెబ్బ తగిలింది, పళ్ళకు గార పట్టింది. చేయడం, రావడం, తగలడం, పట్టడం. ఎందుకలా అంటే ఎవరూ చెప్పలేరు, అయినా ఎవరూ తప్పు చేయరు. ఇంగ్లిష్ వాడికీ తన భాషలో అంతేనని చెప్పడానికి పది నిమిషాలు చాలు. కాలొకేషన్ నిర్వచనం మీద గంట ఖర్చు పెట్టడం అనవసరం.

రెండో క్లాసు మొత్తం ఒక్క ‘తీయడం’ మీద నడపండి. డెంటల్ హాస్పిటల్‌లో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా వినపడే మాట అది. పన్ను తీయడం, ఎక్స్‌రే తీయడం, కుట్లు తీయడం, గార తీయడం, చీము తీయడం, అచ్చు తీయడం, ముక్క తీసి పరీక్షకు పంపడం, నరం తీయడం. తెలుగులో ఎనిమిదింటికీ ఒకే క్రియ. పిల్లలకు ఇంగ్లిష్‌లో తట్టేది ‘రిమూవ్’ లేదా ‘టేక్’. వాటితో ఎక్కడిదాకా వెళ్ళగలరో ఒక్కొక్కటే చూపించండి.

పన్నుకు ‘ఎక్స్‌ట్రాక్ట్ ద టూత్’. ఇంగ్లిష్‌లో మాట్లాడే పేషెంటుతో అయితే ‘టేక్ అవుట్’ అనొచ్చు, కేస్ షీట్‌లో మాత్రం ఎక్స్‌ట్రాక్షనే. ఎక్స్‌రేకు ‘టేక్’ సరిపోతుంది. కుట్లకు ‘రిమూవ్ ద సూచర్స్’, ఇక్కడ మాత్రం పిల్లల ఊహ సరిగ్గా తగులుతుంది. గారను ‘రిమూవ్ కాల్‌క్యులస్’ అనొచ్చు, ఆ పని పేరు చెప్పాలంటే ‘పెర్ఫార్మ్ స్కేలింగ్’. చీముకు ‘డ్రెయిన్’: ‘డ్రెయిన్ ద పస్’, ‘డ్రెయిన్ ది ఆబ్సెస్’. అంతకుముందు కోత పెట్టడం ఉంటుంది, దానికి ‘మేక్ యాన్ ఇన్సిషన్’. ముక్క తీయడానికి ‘టేక్ ఎ బయాప్సీ’. నరం తీయడం అన్నది పేషెంట్ల మాట. పంటి లోపలి మెత్తటి భాగం మొత్తాన్నీ వాళ్ళు నరం అంటారు. అందులో నరమూ ఉంటుంది, రక్తనాళాలూ ఉంటాయి. దాని పేరు పల్ప్, జోడీ ‘ఎక్స్‌టర్పేట్ ద పల్ప్’. కేస్ షీట్‌లో ‘రిమూవ్డ్ ద నర్వ్’ అని రాస్తే ఓరల్ సర్జరీ వాళ్ళకు వేరే ఆపరేషన్ గుర్తొస్తుంది.

అచ్చు దగ్గర ఇంగ్లిష్ టీచర్లు తరచూ దెబ్బ తింటారు. మామూలు ఇంగ్లిష్‌లో ‘టేక్ యాన్ ఇంప్రెషన్’ తప్పేమీ కాదు, చాలామంది డెంటిస్టులు అలాగే అంటారు. కానీ కట్టుడు పళ్ళు చూసే ప్రాస్తోడాంటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ‘మేక్ యాన్ ఇంప్రెషన్’ అనే పట్టుబట్టే ఆచారం ఉంది. వైవాలో (నోటి పరీక్షలో) ‘టేక్’ అన్న కుర్రాడిని అక్కడే ఆపుతారు. మీరు ‘టేక్’ నేర్పితే డిపార్ట్‌మెంట్‌లో మీ మాట చెల్లదు. అందుకే పిల్లల చేతికిచ్చే ప్రతి జాబితానూ ముందు సంబంధిత డిపార్ట్‌మెంట్‌లో ఒక పీజీ విద్యార్థికో, సీనియర్ లెక్చరర్‌కో చూపించండి. చూపించేటప్పుడు ‘ఇది కరెక్టేనా సార్?’ అని అడగొద్దు. పనిలో ఉన్న మనిషి తల ఊపి ‘ఆ, కరెక్టే’ అంటాడు. ఖాళీ వదిలి ‘అల్జినేట్‌తో అచ్చు తీసే పనిని మీరు ఇంగ్లిష్‌లో ఏమంటారు?’ అని అడగండి. ఆయన నోటి నుంచి వచ్చిందే రాసుకోండి. మీరు డాక్టర్ కాకపోవడం ఇక్కడ లాభమే. తెలియక అడుగుతున్నారు కాబట్టి నిజంగా వాడే మాట దొరుకుతుంది.

‘వేయడం’ దీనికి తమ్ముడు. సూది వేయడానికి ‘గివ్ యాన్ ఇంజెక్షన్’, కేస్ షీట్‌లో ‘అడ్మినిస్టర్ లోకల్ అనస్థీషియా’. కుట్లు వేయడానికి ‘ప్లేస్ సూచర్స్’. క్యాప్ వేయడానికి ‘సిమెంట్ ద క్రౌన్’. మాత్ర వేసుకోవడానికి ‘టేక్ ఎ టాబ్లెట్’. ఇది ఒక గంట పని.

‘తగ్గడం’ మీద మాత్రం ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే అక్కడ తప్పు భాషతో ఆగిపోదు. తెలుగులో వాపు తగ్గింది, నొప్పి తగ్గింది, జ్వరం తగ్గింది, పుండు తగ్గింది అంటాం. పిల్లలు అన్నింటికీ ‘రెడ్యూస్డ్’ గానీ ‘క్యూర్డ్’ గానీ వాడతారు. వాపు ‘సబ్‌సైడ్స్’, నొప్పి ‘ఈజ్ రిలీవ్డ్’, జ్వరం ‘కమ్స్ డౌన్’, ఇన్ఫెక్షన్ ‘క్లియర్స్’, పుండు ‘హీల్స్’. ‘ది అల్సర్ హాజ్ రెడ్యూస్డ్’ అని రాస్తే చదివే డాక్టరుకు పుండు చిన్నదైందా, మానిందా తెలియదు. రెండు మూడు వారాలు దాటినా మానని పుండును ‘నాన్ హీలింగ్ అల్సర్’ అంటారు. ఆ రెండు మాటలు కలిసి కనపడగానే క్యాన్సర్ అనుమానంతో బయాప్సీ వైపు చూస్తారు. ‘హీల్’ అన్న క్రియకు అంత బరువుందని చెప్పాక పిల్లలు దాన్ని మర్చిపోరు. ‘క్యూర్’ కూడా అలాంటిదే. జబ్బును క్యూర్ చేస్తాం, నొప్పిని రిలీవ్ చేస్తాం. ‘పెయిన్ వాజ్ క్యూర్డ్’ అంటే నొప్పే రోగమైనట్టు ఉంటుంది.

ఇక నొప్పి. మీకున్న సమయంలో నాలుగోవంతు దీనికి ఇవ్వొచ్చు. డెంటల్ హాస్పిటల్‌కు వచ్చే వాళ్ళలో ఎక్కువమంది నొప్పితోనే వస్తారు, ఆ నొప్పిని వర్ణించే విశేషణంలో సగం రోగనిర్ధారణ ఉంటుంది.

మన పేషెంట్లు నొప్పిని ఎంత బాగా చెబుతారో గమనించండి. ‘చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోంది.’ ‘రాత్రి పడుకుంటే సలుపు.’ ‘కరెంటు షాకు కొట్టినట్టు కొట్టి పోతుంది.’ ‘నమిలితే కలుక్కుమంటోంది.’ ‘చెవిలోకి, కణతలోకి పాకుతోంది.’ ‘చింతకాయ తింటే పళ్ళు పులుస్తున్నాయి.’ ఇంత తేడా తెలుగులో ఉంటే, పిల్లలు కేస్ షీట్‌లో అన్నింటికీ ‘హెవీ పెయిన్’ అని రాస్తున్నారు. అంటే పేషెంటు చెప్పిన సమాచారం వీళ్ళ ఇంగ్లిష్ దగ్గర ఆగిపోతోంది.

జివ్వుమనడం ‘షార్ప్ పెయిన్’, అది దేనికి వస్తుందో చెప్పాలంటే ‘సెన్సిటివిటీ టు కోల్డ్’. ఆ ‘టు’ జోడీలో భాగం, ‘విత్’ కాదు, ‘ఫర్’ కాదు. చల్లనిది తీసేయగానే నొప్పి పోతే ఒక రకం, తీసేశాక కూడా నిమిషాల తరబడి నిలిస్తే ఇంకో రకం. రెండోదాన్ని ‘లింగరింగ్ పెయిన్’ అంటారు. మొదటిది పల్ప్ కోలుకునే దశలో ఉందనడానికి సూచన. రెండోది కోలుకోని దశను సూచిస్తుంది, అప్పుడు రూట్ కెనాల్ దాకా వెళ్ళాల్సి రావచ్చు. ‘పెయిన్ ఈజ్ దేర్ లాంగ్ టైమ్’ అని రాస్తే ఇది చాలాకాలంగా ఉన్న నొప్పి అని అర్థమవుతుంది. చల్లనిది తగిలాక నిలిచే నొప్పి అని ఎవరికీ తట్టదు. సలుపు ‘థ్రాబింగ్ పెయిన్’. కరెంటు షాకు లాంటిది ఇంగ్లిష్‌లోనూ ‘ఎలక్ట్రిక్ షాక్ లైక్ పెయిన్’. ఇది పంటి నొప్పి కాకుండా ముఖం నరానికి సంబంధించిన ట్రైజెమినల్ న్యూరాల్జియా కావచ్చు, పళ్ళు పీకించుకున్నా తగ్గదు. నమిలితే వచ్చేది ‘పెయిన్ ఆన్ బైటింగ్’. పంటిని అద్దం కాడతో తట్టి చూస్తే నొప్పి ఉంటే ‘టెండర్ ఆన్ పెర్కషన్’. పాకే నొప్పి ‘రేడియేట్స్ టు ది ఇయర్’. పళ్ళు పులవడానికి మటుకు కేస్ షీట్‌లో నడిచే అంత చక్కటి మాట లేదు, ‘సెన్సిటివిటీ టు సోర్ ఫుడ్’ అని సరిపెట్టుకోవాలి.

ఎంత నొప్పి అన్నదానికి మూడు మెట్లు: ‘మైల్డ్, మోడరేట్, సివియర్’. స్మాల్, లైట్, హెవీ, బిగ్ ఇవేవీ పెయిన్ పక్కన నిలవవు. అదే ‘హెవీ’ బ్లీడింగ్ పక్కన చక్కగా నిలుస్తుంది, ఫీవర్ పక్కన నిలవదు, అక్కడ ‘హై’ కావాలి. ఈ మూడు నామవాచకాలనూ ఒకేసారి బోర్డు మీద పెట్టి సివియర్, హెవీ, హై ఏది దేనికో గీతలు గీయించండి.

‘సిన్స్ త్రీ డేస్’ గురించి. తెలుగులో ‘మూడు రోజుల నుంచి’ అన్నా ‘సోమవారం నుంచి’ అన్నా ఒకే ‘నుంచి’. ఇంగ్లిష్‌లో లెక్క ఉంటే ‘ఫర్’, తేదీ గానీ రోజు గానీ ఉంటే ‘సిన్స్’. ఇది నేర్పడం తేలిక, నిలబెట్టడం కష్టం, ఎందుకంటే మన హాస్పిటళ్ళ కేస్ షీట్లలో పెద్ద డాక్టర్లు కూడా ‘పెయిన్ ఇన్ లోయర్ లెఫ్ట్ బ్యాక్ టూత్ రీజియన్ సిన్స్ త్రీ డేస్’ అనే రాస్తారు. పిల్లలు మూడో ఏడాది పోస్టింగ్స్‌కు వెళ్ళగానే మీరు చెప్పింది అక్కడ చెరిగిపోతుంది. దీనిమీద డిపార్ట్‌మెంట్లతో యుద్ధం పెట్టుకోవద్దు. ‘ఇక్కడి కేస్ షీట్‌లో ఇలా కనిపిస్తుంది, బయటికి పంపే రిఫరల్ లెటర్‌లో, విదేశీ పరీక్షల్లో ఇది తప్పు’ అని రెండూ చెప్పండి. ‘ఇన్ రిలేషన్ టు 36’ అన్నదీ మన కేస్ షీట్ల అలవాటే. దాన్ని వదిలేయొచ్చు, ఎవరికీ నష్టం లేదు. కాకపోతే ఆ 36ను ‘థర్టీ సిక్స్’ అని చదవకుండా ‘త్రీ సిక్స్’ అని చదివించండి. 3 అంటే కింద ఎడమవైపు, 6 అంటే నడిమధ్య నుంచి ఆరో పన్ను. అమెరికా లెక్కలో అదే పన్ను 19 అవుతుంది.

ఇంకో చోట తెలుగు వ్యాకరణమే పిల్లల్ని పడేస్తుంది. ‘పోయినేడాది ఒక పన్ను తీయించుకున్నాను’ అని పేషెంటు చెబుతాడు. పిల్లవాడు ‘పేషెంట్ ఎక్స్‌ట్రాక్టెడ్ హిజ్ టూత్ లాస్ట్ ఇయర్’ అని రాస్తాడు. పేషెంటే కటింగ్ ప్లయర్ పట్టుకుని పీక్కున్నాడన్నమాట! తీయించుకోవడం, చేయించుకోవడం, కట్టించుకోవడం అనే ‘ఇంచుకోవడం’ రూపానికి ఇంగ్లిష్‌లో రెండు దారులు: ‘హ్యాడ్ ఎ టూత్ ఎక్స్‌ట్రాక్టెడ్’ లేదా ‘అండర్‌వెంట్ ఎక్స్‌ట్రాక్షన్’. ‘అండర్‌వెంట్’ పక్కన స్కేలింగ్, రూట్ కెనాల్ ట్రీట్‌మెంట్, సర్జరీ వస్తాయి. ఫిల్లింగ్ పక్కన అది బరువైపోతుంది, ‘హ్యాడ్ ఎ ఫిల్లింగ్’ చాలు. పాస్ట్ డెంటల్ హిస్టరీ అన్న భాగమంతా ఈ ఒక్క రూపం మీదే నడుస్తుంది.

నోట్‌బుక్ ఎలా పెట్టించాలన్నది తర్వాతి సంగతి. క్రియ పేరుతో పేజీ పెట్టిస్తే అది మళ్ళీ జాబితా అయిపోతుంది. నామవాచకానికి ఒక పేజీ ఇవ్వండి. ఉదాహరణకు ‘టూత్’ పేజీ మధ్యలో ఆ మాట. ఎడమవైపు డాక్టరు పంటికి చేసేవి: ఎక్స్‌ట్రాక్ట్, రిస్టోర్, పాలిష్, స్ప్లింట్. కుడివైపు పన్ను తనంతట తాను చేసేవి: ఇరప్ట్ (మొలవడం), డికే, చిప్, ఫ్రాక్చర్, ఊడే పాలపన్నుకు ఎక్స్‌ఫోలియేట్. పైన విశేషణాలు: కేరియస్, ఇంపాక్టెడ్, మొబైల్, మిస్సింగ్, డెసిడ్యుయస్. ఎడమ కుడి తేడా పాటించకపోతే ‘డాక్టర్ ఇరప్టెడ్ ద టూత్’ లాంటివి పుడతాయి. కదిలే పంటికి ‘షేకింగ్ టూత్’ అని రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, పన్ను ఊగడం వాళ్ళ మనసులో ఉంది మరి. ‘లూజ్ టూత్’ పేషెంటుతో, ‘మొబైల్ టూత్’ కేస్ షీట్‌లో. ఇంకొకటి ‘కేరీస్’, అంటే పంటి పుచ్చు. అది బహువచనంలా వినిపించినా ఏకవచనమే, ‘కేరీస్ ఈజ్’ అనాలి, ముందు ‘ఎ’ రాదు. ‘కేరీస్ టూత్’ అనకూడదు, ‘కేరియస్ టూత్’. మొదటి ఆరు నెలలకు పేజీలు పన్నెండు చాలు: టూత్, పెయిన్, గమ్స్, స్వెల్లింగ్, బ్లీడింగ్, కేరీస్, అల్సర్, హిస్టరీ, ఎక్స్‌రే, అనస్థీషియా, ఫిల్లింగ్, డెంచర్.

గంటకు కొత్త జోడీలు ఎనిమిదికి మించొద్దు. మీరు 20 చెప్పినప్పుడు పోయింది సరిగ్గా ఇక్కడే, మళ్ళీ కలవడానికి వాటికి చోటు దొరకలేదు. ఎనిమిది చెప్పి, వాటినే రెండు రోజుల తర్వాతి క్లాసు మొదట్లో ఐదు నిమిషాలు, వారం తర్వాత ఇంకో ఐదు నిమిషాలు, నెల తర్వాత ఒకసారి అడగండి. ఇలా చూస్తే కొత్తది చెప్పే సమయం గంటలో అరగంటకు తగ్గుతుంది. తగ్గనివ్వండి.

జోడీలు ఎక్కడి నుంచి ఏరాలి? మొదట మీ హాస్పిటల్ ఖాళీ కేస్ షీట్, కన్సెంట్ ఫారం, పన్ను తీశాక ఇచ్చే సూచనల కాగితం. ఈ మూడింటిలోనే వంద దాకా దొరకొచ్చు. కంప్యూటర్ మీద ఓపిక ఉంటే, ఒక మాట పక్కన ఏ మాటలు వస్తున్నాయో వెతికి చూపే యాంట్‌కాంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఎవరైనా చదువుకోవడానికి వీలున్న డెంటల్ కేస్ రిపోర్టులు ఓ 30 దించుకుని, ఒక్కోదాన్ని విడి టెక్స్ట్ ఫైలుగా యూటీఎఫ్ 8లో సేవ్ చేయండి. చివర ఉన్న రిఫరెన్సుల భాగం తప్పకుండా కత్తిరించాలి. లేకపోతే జర్నల్ పేర్లే మొదటి జోడీలుగా వస్తాయి. రెండు కాలమ్‌ల పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే వాక్యాలు కలిసిపోతాయి, ఒకసారి కళ్ళతో చూడండి. తర్వాత ‘పెయిన్’ అని వెతికి ఎడమవైపు మొదటి మాట ప్రకారం వరుస పెడితే విశేషణాలన్నీ గుంపుగా కనిపిస్తాయి. కుడివైపు వరుస పెడితే ఆన్, టు, ఇన్ లాంటివి బయటపడతాయి. ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కను మాత్రం నమ్మకండి. అరుదైన ఒక కణితి మీద రాసిన రిపోర్టులో ఆ కణితి పేరు నలభైసార్లు ఉంటుంది. 30 ఫైళ్ళలో కనీసం ఐదింటిలో కనిపించిన జోడీనే తీసుకోండి. ఇంకో చిన్న చిక్కు: ‘అనస్థీషియా’ను బ్రిటిష్ వాళ్ళు ఒక రకంగా, అమెరికన్లు ఒక అక్షరం తక్కువగా రాస్తారు. రెండు స్పెల్లింగులతోనూ వెతక్కపోతే సగం పోతాయి.

అభ్యాసానికి పన్ను తీశాక ఇచ్చే సూచనల కాగితాన్ని మించినది లేదు. ఇలా పెట్టండి: ‘డాష్ ఫర్మ్‌లీ ఆన్ ద గాజ్ ఫర్ థర్టీ టు ఫార్టీ ఫైవ్ మినిట్స్. డాష్ స్పిటింగ్ ఫర్ ట్వంటీ ఫోర్ అవర్స్. ఆఫ్టర్ దట్, డాష్ జెంట్లీ విత్ వార్మ్ సాల్ట్ వాటర్. డాష్ ద ఫుల్ కోర్స్ ఆఫ్ యాంటీబయాటిక్స్.’ జవాబులు వరుసగా బైట్, అవాయిడ్, రిన్స్, కంప్లీట్. ఖాళీ ఎప్పుడూ క్రియ దగ్గరే వదలాలి. ‘గాజ్’ దగ్గర ఖాళీ పెడితే పిల్లలు టెర్మినాలజీ టెస్టులో లాగే రాసేస్తారు, జోడీ పరీక్షకు రాదు. ‘రిన్స్’ చోట పిల్లల్లో చాలామంది ‘గార్గిల్’ అని రాస్తారు. పుక్కిలించడం అన్న ఒక్క మాట తెలుగులో నోటికీ గొంతుకూ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో గార్గిల్ అంటే తల వెనక్కి వాల్చి గొంతులో గలగలలాడించడం. కొత్తగా పన్ను తీసిన చోట గడ్డకట్టిన రక్తం కదలకూడదు కాబట్టే ‘జెంట్లీ’ అన్న మాట అక్కడ ఉంది. ఆ గడ్డ ఊడిపోతే ‘డ్రై సాకెట్’ అనే సమస్య, దానితో తీవ్రమైన నొప్పి వస్తాయి. ‘ద క్లాట్ గెట్స్ డిస్‌లాడ్జ్డ్’ అన్న జోడీని ఇక్కడే చెప్పేయండి, విడిగా చెబితే నిలవదు.

రోల్ ప్లే పెట్టేటప్పుడు ఇద్దరిచేతా ఇంగ్లిష్ మాట్లాడించడం మన దగ్గర కృత్రిమంగా ఉంటుంది. రేపు వీళ్ళ ముందు కూర్చునే పేషెంటు తెలుగులోనే చెబుతాడు. కాబట్టి పేషెంటు వేషం వేసినవాడు తెలుగులో, తన ఊరి మాటలో చెప్పాలి, డాక్టరు వేషం వేసినవాడు తెలుగులోనే అడిగి, కాగితం మీద ఇంగ్లిష్‌లో చీఫ్ కంప్లైంట్ (పేషెంటు చెప్పిన ముఖ్యమైన బాధ) రెండు వాక్యాలు రాయాలి. 100 మందిని జంటలు చేస్తే 50 కాగితాలు వస్తాయి. అన్నీ దిద్దక్కర్లేదు, ఐదు తీసి పేరు లేకుండా బోర్డు మీద రాసి దిద్దండి.

కేసులు మన నేల మీదివే ఎంచండి. నల్లగొండ వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల పళ్ళ మీద మచ్చలు: ‘మాటిల్డ్ ఎనామెల్’, ‘బ్రౌన్ స్టెయిన్స్’. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ: ‘హిస్టరీ ఆఫ్ రివర్స్ స్మోకింగ్’, దానివల్ల అంగిట్లో వచ్చే ‘పాలటల్ లీజన్స్’. గుట్కా నమిలేవాళ్ళు ‘కారం తింటే నోరు మండిపోతోంది, నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు’ అంటారు: ‘బర్నింగ్ సెన్సేషన్ ఆన్ ఈటింగ్ స్పైసీ ఫుడ్’, ‘రెడ్యూస్డ్ మౌత్ ఓపెనింగ్’. చూశారా, ‘రెడ్యూస్డ్’కు చివరికి ఇక్కడ సరైన చోటు దొరికింది.

దిద్దేటప్పుడు ఒక జాగ్రత్త. ‘అండర్ ఎల్.ఏ., 36 ఎక్స్‌ట్రాక్టెడ్, హీమోస్టేసిస్ అచీవ్డ్’ (మత్తు ఇచ్చి 36 తీశారు, రక్తం ఆగింది) అని రాసినదాన్ని వ్యాకరణం లేదని కొట్టేయకండి. కేస్ షీట్ భాష అంతే, ఆర్టికల్స్, సహాయక క్రియలు అందులో ఉండవు. కానీ అదే ధోరణిలో వైవాలో మాట్లాడితే తడబడినట్టు వినిపిస్తుంది. ఒకే సంగతిని ఒకసారి కేస్ షీట్ కోసం రాయించి, మరోసారి పూర్తి వాక్యంలో చెప్పించండి: ‘ద టూత్ వాజ్ ఎక్స్‌ట్రాక్టెడ్ అండర్ లోకల్ అనస్థీషియా.’ ఈ ‘అండర్’ బదులు ‘విత్’ వచ్చేస్తే మళ్ళీ అనిపించండి.

పరీక్ష సంగతి. 25 మార్కుల పేపరు అనుకుంటే పదాలకు అర్థాలు అడిగే ప్రశ్న ఒక్కటి కూడా వద్దు, అది వాళ్ళకు వచ్చని మీరే రాశారు. పది మార్కులకు క్రియ ఖాళీలు, పైన చెప్పిన సూచనల కాగితం లాంటి ఒకే పేరాలో. ఐదు మార్కులకు తప్పు దిద్దడం, ఐదు వాక్యాల్లో మూడే తప్పు ఉండాలి, అన్నీ తప్పయితే పిల్లలు కళ్ళు మూసుకుని మారుస్తారు. మిగతా పదికి తెలుగులో నాలుగు వాక్యాల పేషెంటు మాట ఇచ్చి ఇంగ్లిష్‌లో కేస్ హిస్టరీ రాయించండి. అందులో మీరు చెప్పిన జోడీలు ఐదు పట్టేలా ఆ తెలుగు వాక్యాలు రాయండి. జోడీకి రెండు మార్కులు: క్రియ లేదా విశేషణం సరైతే ఒకటి, వెంట వచ్చే ‘టు, ఆన్, అండర్, ఫర్’ సరైతే ఇంకొకటి. స్పెల్లింగుకు కోయొద్దు. కోస్తే పిల్లలు తెలిసిన చిన్న మాటల్లోకి, అంటే మళ్ళీ ‘రిమూవ్’లోకి, ‘పుట్’లోకి వెళ్ళిపోతారు.

యూకే, ఆస్ట్రేలియా వైపు చూసే పిల్లలు క్లాసులో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ళు వైద్యరంగం వాళ్ళకు పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ గురించి అడిగితే, అందులో డెంటిస్ట్రీకి విడిగా పేపరు ఉందని, రాత పరీక్ష 45 నిమిషాల్లో ఎక్కువగా రిఫరల్ లెటరేనని, మాట్లాడే పరీక్షలో పేషెంటుతో రెండు రోల్ ప్లేలు ఉంటాయని చెప్పండి. ‘రిఫర్ ద పేషెంట్ టు’ తర్వాత డాక్టరు, ‘ఫర్’ తర్వాత పని వస్తాయి. ఆ లెటరు మొదటి వాక్యంలోనే ఈ రెండూ పడతాయి కాబట్టి, పన్నెండు పేజీలు నిండాక పదమూడో పేజీ ‘రిఫరల్’కు ఇవ్వండి.